పిచ్చుక మీద గ్రైండర్

ప్రశ్న: గ్యారేజీ నేల కోసం ఒకదానికొకటి తగులుకునే ప్లాస్టిక్ పలకలు తెచ్చి నేనే పరుస్తున్నాను. గ్యారేజీ వెడల్పు 5,480 మి.మీ., లోతు 6,100 మి.మీ. పలక 300 మి.మీ. చదరం. మధ్య భాగం పిల్లలాటలా సాగిపోయింది. గోడల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. మా తమ్ముడు గ్రైండర్ తెచ్చి కోస్తే ఒకటే పొగ, కంపు. పైగా కోసిన చోటే మళ్ళీ అతుక్కుపోయింది. సరేనని నేను కట్టర్‌తో గీసి విరిస్తే మూల పగిలింది. మొత్తం నాలుగు పలకలు పాడయ్యాయి. ఒక మూల తలుపు పట్టాను మోసే స్తంభం, ఇంకో చోట గోడకు కాస్త ఎడంగా నేలలోంచి పైకి లేచే గొట్టం ఉన్నాయి. కోతకు ఏ పరికరం కొనాలి? పలకల్ని గోడకు ఆనించి పరచాలా, ఖాళీ వదలాలా?

సమాధానం: పాడైన ఆ నాలుగు పలకల్నీ పారెయ్యలేదు కదా? పారెయ్యకండి. ఈ పని పూర్తయ్యేలోగా నాలుగింటికీ పని పడుతుంది.

మీ తమ్ముడి చేతిలో లోపమేమీ లేదు, పరికరమే తప్పు. గ్రైండర్‌కు బిగించే రాతిబిళ్ళ కొయ్యదు, అరగదీస్తుంది. చిన్న గ్రైండర్ నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. ఇనుమైతే ఆ రాపిడికి రవ్వలు రవ్వలుగా రాలిపోతుంది. ప్లాస్టిక్ రాలదు, కరుగుతుంది. గట్టిగా ఉండే గ్యారేజీ పలకలు చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. అది సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. ఆ వేగంలో బిళ్ళ అంచున అంత వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. బిళ్ళ ముందుకు పోతుంటే వెనక కరిగిన ముద్ద చల్లారి రెండు ముక్కల్నీ మళ్ళీ కలిపేస్తుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే కనీసం పిచ్చుకైనా చస్తుంది. ఇక్కడ అదీ జరగలేదు.

కాబట్టి మీకు కావలసింది ఇంకా బలమైన యంత్రం కాదు. తక్కువ వేగం, కాస్త పెద్ద పళ్ళు. ప్రతి పన్నూ ఒక తునకను తెంపి బయటికి విసరాలి. ఆ తునకతో పాటే వేడి కూడా బయటికి పోతుంది. పళ్ళు మరీ సన్నవైతే వాటి మధ్య పొట్టు ఇరుక్కుని, బ్లేడు మొండిదై, కోతకు బదులు రాపిడి మొదలవుతుంది. యంత్రానికి ఇనుము కోసే బ్లేడు వేస్తే ప్లాస్టిక్‌కు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

కోతకు దిగేముందు మీ పలక ఏ జాతిదో తేల్చుకోండి. పగిలిన ముక్కను నీళ్ళ బకెట్‌లో వేసి, లోపల బుడగలు లేకుండా ఒకసారి ముంచి వదలండి. తేలితే దాదాపుగా పాలీప్రొపిలీనే. అది నీటికంటే తేలిక. మునిగితే మెత్తటి పీవీసీ అయ్యే అవకాశమే ఎక్కువ. వంచితే మూల పగిలిందన్నారు కనుక మీది తేలుతుందనే నా అంచనా. పీవీసీ పలకైతే అట్టలా వంగేది, పగిలేది కాదు.

ఒకవేళ మునిగితే మీ పని ఇంకా సులువు. కొత్త బ్లేడు వేసిన కట్టర్, స్టీలు స్కేలు, కింద పాత చెక్క చాలు. మొదటి గీత మెల్లగా, దారి పడేలా గీయండి. తరవాత అదే దారిలో మూడు నాలుగుసార్లు లాగి, గీత తెరుచుకునేలా వెనక్కి వంచితే విడిపోతుంది. చలికి పలక బిర్రబిగుసుకుని ఉంటే కాసేపు ఎండలో పెట్టి తెస్తే కత్తి వెన్నలో దిగినట్టు దిగుతుంది. కత్తిని మాత్రం కాల్చి కొయ్యొద్దు. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువు వస్తుంది. కళ్ళనూ గొంతునూ మండించే వాయువది. మీ తమ్ముడు కోసినప్పుడు వచ్చిన పొగ కూడా, అది ఏ ప్లాస్టిక్‌ది అయినా, పీల్చదగ్గది కాదు.

ఇక గట్టి పలకల సంగతి. అసలు కోత కంటే ముందు చెయ్యాల్సిన లెక్క ఒకటుంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. బహుశా తలుపు దగ్గర ఒక మూల మొదలుపెట్టి పరుచుకుంటూ పోయారు. అలా అయితే ఏమవుతుందో చూడండి. గోడల దగ్గర చెరో 8 మి.మీ. ఖాళీ వదిలితే (ఎందుకో తరవాత చెబుతాను) పలకలకు మిగిలేది 5,464 మి.మీ. పద్దెనిమిది పలకలకు 5,400 పోతే చివర 64 మి.మీ. పట్టీ మిగులుతుంది. అంత సన్న పట్టీ కొయ్యడమూ కష్టం, నిలవడమూ కష్టం. పలక అడుగున దాన్ని మోసే చిన్న కాళ్ళు ఒకటి రెండు వరసలే దక్కుతాయి, అడుగు పడితే ఊగుతుంది.

దానికి బదులు గ్యారేజీ మధ్య గీత గీసి, ఆ గీత పలక అంచున కాకుండా పలక నడిబొడ్డున పడేలా మొదటి పలక పెట్టండి. అప్పుడు నిండు పలకలు పదిహేడు వస్తాయి, రెండు గోడల దగ్గరా చెరో 182 మి.మీ. ముక్క వస్తుంది. సగం కంటే పెద్ద ముక్క, గట్టిగా కూర్చుంటుంది, చూడ్డానికీ రెండు పక్కలా సమానంగా ఉంటుంది. అదే గీతను పలక అంచున పెట్టారనుకోండి, చెరో పక్కా 32 మి.మీ. చొప్పున రెండు దరిద్రపు పట్టీలు మిగులుతాయి. పరిచినవి తీసి మళ్ళీ పరచాలా అని నిట్టూర్చకండి. తగులుకునే పలకలకున్న గొప్ప సుగుణమే అది, ఊడదీస్తే ఊడొస్తాయి.

ఈ లెక్కంతా పలక కచ్చితంగా 300 అనుకుని వేసింది. డబ్బా మీది అంకెను నమ్మకండి. పది పలకలు తగిలించి, పక్క పలకకు తగులుకునేందుకు బయటికి పొడుచుకొచ్చిన రింగులు వదిలేసి కొలిచి, పదితో భాగించండి. ఒక్కో పలకకు ఒక్క మి.మీ. తేడా ఉన్నా పద్దెనిమిదో పలక దగ్గరికి 18 మి.మీ. అవుతుంది.

లోతు వైపు నిండు పలకలు తలుపు దగ్గర మొదలుకావాలి. కనబడేది ఆ అంచే, చక్రం ఎక్కేదీ ఆ అంచే. ఇరవై వరసలు పోగా, వెనక గోడకు 8 మి.మీ. వదిలితే, 92 మి.మీ. పట్టీ మిగులుతుంది. సన్నదే, కానీ అక్కడికి చక్రం రాదు. దాన్ని అలాగే ఉండనివ్వమంటాను. తలుపు దగ్గర వాలు అంచు ముక్కలు లోపలివైపే పెడుతుంటే మాత్రం వాటి వెడల్పు ముందే తీసేసి లెక్క మళ్ళీ వెయ్యండి.

ఇప్పుడు ఖాళీ సంగతి. గోడకు ఆనించకండి. పాలీప్రొపిలీన్ వేడికి బాగా సాగే పదార్థం. మీటరు పొడవుకు, 10 డిగ్రీలు వేడెక్కితే, సుమారు 1 మి.మీ. పెరుగుతుంది. మీ వెడల్పుకు 30 డిగ్రీల తేడా వస్తే 16 మి.మీ. పైచిలుకు. అందులో కొంత పలకల మధ్య ఉండే సందులు మింగేస్తాయి, మిగతాదానికి చోటు కావాలి. చోటు లేకపోతే నేల మధ్యలో అప్పడంలా ఉబ్బుతుంది. చెరో పక్కా 8 మి.మీ. సరిపోతుంది. బాగా చలిగా ఉన్న రోజు పరుస్తుంటే 12 దాకా వదలండి, ముందుముందు పెరిగేదే ఎక్కువ కనుక. ఆ సందు కంటికి ఇబ్బందిగా ఉంటే గోడకు బీడింగ్ కొట్టి కప్పండి. బీడింగ్ గోడకే ఉండాలి, పలకకు తగలకూడదు. సందులో సిలికాన్ నింపితే ఖాళీ వదిలిన పుణ్యమంతా పోతుంది.

గీత పెట్టడం దగ్గర టేపుతో కొలవడం మానెయ్యండి. గోడ ఎక్కడా తిన్నగా ఉండదు, ఒక వరసకూ పక్క వరసకూ 3 మి.మీ. తేడా రావడం మామూలే. ఇక్కడికే పాడైన పలక కావాలి. దాని నాలుగు వైపులా పిన్నులూ రింగులూ రంపంతో శుభ్రంగా తీసేసి, మూలమట్టం పెట్టి చూసి, పది పలకల కొలతలో తేలిన అసలు సైజుకు తెచ్చుకోండి. అదే మీ కొలబద్ద.

పద్ధతి ఇదీ. కొయ్యాల్సిన కొత్త పలకను గోడ దగ్గర పరిచిన చివరి నిండు పలక మీద, అదే దిశలో, అంచుకు అంచు కలిపి పెట్టండి. గోడకు 8 మి.మీ. చెక్కముక్క ఆనించండి. కొలబద్ద పలకను ఆ చెక్కకు తగిలేలా, కొత్త పలక మీదుగా జరపండి. కొలబద్ద వెనక అంచు వెంట కొత్త పలక మీద గీత గీయండి. కొలబద్ద కప్పకుండా వదిలిన భాగమే మీకు కావలసిన ముక్క. గోడ వంకరగా ఉంటే కొలబద్ద కూడా ఆ వంకరతోనే కూర్చుంటుంది, గీతకూ అదే వంకర వస్తుంది. అంకెలతో పనే లేదు. పిన్నులు అడ్డొచ్చి పై పలక సరిగా కూర్చోకపోతే కింద రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తండి.

‘అదే దిశలో’ అన్న మాట ఊరికే అనలేదు. మామూలుగా ఈ పలకలకు పక్కపక్కనున్న రెండు వైపులా రింగులు, మిగతా రెండు వైపులా పిన్నులు ఉంటాయి. కోసి తీసేది గోడవైపు అంచు, నేలకు తగులుకునేది మిగలాలి. నా మొదటి గ్యారేజీలో ఈ ఒక్కటీ చూసుకోకుండా, పని చకచకా తెములుతుందని ఏడు పలకలు ఒకేసారి గీసి కోశాను. ఏడింటికీ తగులుకునే వైపే పోయింది. అవి ఎదుటి గోడకు పనికొస్తాయి కదా అని ఊరడిల్లి కొలిస్తే అక్కడి ముక్క సైజు వేరు. అప్పటినుంచీ కోసి పారేసే భాగం మీద పెద్ద అడ్డగీత కొట్టనిదే రంపం ముట్టుకోను.

కోయగా మిగిలిన ముక్క గురించి కూడా ఆలోచించండి. గోడకు 182 పోతే పక్కన 118 మి.మీ. మిగులుతుంది. ఎదుటి గోడకు అది చాలదు, అందుకే పక్క గోడలకు వరసకో పలక చొప్పున నలభై పలకలు పట్టుకోవాల్సిందే. కానీ వెనక గోడకు కావలసింది 92. ఒక గోడ దగ్గర మిగిలిన ముక్కలకు పిన్నులుంటాయి, ఎదుటి గోడవాటికి రింగులుంటాయి. అడ్డంగా తిప్పితే రెంటిలో ఏదో ఒక రకం వెనక వరసకు తగులుకుంటుంది. పిన్నుల వరస కుదురుతోందా అని ముందు రెండు ముక్కలు తగిలించి చూడండి. కుదిరితే వెనక వరస మొత్తం, ఒక్క కొత్త పలక కూడా ముట్టకుండా, మిగులు ముక్కలతోనే అయిపోతుంది. పైన గీతల డిజైన్ ఉంటే దిశ మారి కనిపిస్తుంది. వెనక అలమారా కింద దాన్ని చూసేదెవరు?

పరికరం. మీకు దాదాపు అరవై కోతలున్నాయి, ఒక్కోటి 300 మి.మీ. అంటే 18 మీటర్ల కోత. పది కోతలైతే చేతిరంపం చాలనేవాణ్ణి. మీకు మాత్రం జిగ్‌సా, అంటే సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే చేతియంత్రం, మంచిది. వేగం తగ్గించుకునే మీట ఉన్నది చూసుకోండి. కొనక్కర్లేదు, రెండ్రోజులకు అద్దెకు తెచ్చుకున్నా పని అయిపోతుంది. బ్లేడు చెక్క కోసేది, అంగుళానికి పది పళ్ళ దరిదాపుల్లో ఉన్నది వెయ్యండి. బ్లేడు పైకి లేచినప్పుడు కూడా దాని కొస పలక కింద ఉండేంత పొడవుండాలి, లేకపోతే పలకను పొడుస్తూ ఎగరేస్తుంది. బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపే మీట ఉంటే దాన్ని సున్నా మీద పెట్టండి. వేగం సగానికి తగ్గించి మొదలుపెట్టండి. పొట్టు పొడిపొడిగా రాలుతుంటే సరిగ్గా ఉన్నట్టు. తీగలు తీగలుగా సాగి బ్లేడుకు చుట్టుకుంటుంటే వేడెక్కినట్టు, వేగం ఇంకా తగ్గించండి, ఒక నిమిషం ఆగండి. ఒకే చోట బ్లేడు ఆడిస్తూ నిలబడ్డం, యంత్రాన్ని బలంగా నెట్టడం, రెండూ తప్పే.

మంచి వైపు పైకి పెట్టి, గీత వెంట మాస్కింగ్ టేపు వేసి, టేపు మీద గీత గీసుకోండి. అడుగున జిగ్‌సా పాదం రాసుకుని పలక మీద చారలు పడవు. పలక కింద మందపాటి థర్మోకోల్ దిమ్మ పెట్టి కొయ్యండి. కింది కాళ్ళ మధ్య ఖాళీలు తగిలినప్పుడల్లా పలక కంపించకుండా దిమ్మ పట్టుకుంటుంది, బ్లేడు థర్మోకోల్‌లోకే దిగుతుంది. దిమ్మతో సహా రెండు క్లాంపులు బిగించండి. చేత్తో నొక్కిపట్టి కొయ్యొద్దు.

పలక తిరగేసి కాళ్ళ వరసలు కూడా ఒకసారి చూడండి. గీత సరిగ్గా ఒక వరస కాళ్ళ మీదుగా పోతే ఆ కాళ్ళు సగం తెగి, అంచు గాల్లో వేలాడుతుంది. గోడవైపు సందు పెరిగినా ఫరవాలేదు, గీతను రెండు మూడు మి.మీ. లోపలికి జరిపి ఆ వరసను వదిలెయ్యడమో, బయటికి జరిపి పూర్తిగా దక్కించుకోవడమో చెయ్యండి. బయటికి జరిపితే గోడకు కనీసం 6 మి.మీ. మిగిలేలా చూసుకోండి.

చేతిరంపమే వాడాలనుకుంటే హాక్సా ఫ్రేము పలక నడుమకు వచ్చేసరికి అంచుకు తగిలి ఆగిపోతుంది. చెక్క కోసే మామూలు రంపానికి ఆ బాధ లేదు. వెనక వరస లాంటి సన్న పట్టీలకు మాత్రం హాక్సా బ్లేడును పక్కకు తిప్పి బిగిస్తే ఫ్రేము పట్టీ పక్కనుంచి పోతుంది. ఇంట్లో ఇప్పటికే బల్లరంపం ఉన్నవాళ్ళు ఎక్కువ పళ్ళున్న కార్బైడ్ బ్లేడుతో కోస్తే అంచు అద్దంలా వస్తుంది. దీనికోసమని కొనక్కర్లేదు.

స్తంభం దగ్గర ఎల్ ఆకారపు కోత వస్తుంది. అట్టముక్క కోసి స్తంభానికి సరిపోయాక ఆ అట్టను పలక మీద పెట్టి గీయండి. లోపలి మూలలో ముందు 10 మి.మీ. రంధ్రం డ్రిల్ చేసి, రెండు వైపులనుంచీ కోసుకుంటూ ఆ రంధ్రంలోకి వచ్చి ఆగండి. రంధ్రం లేకుండా పదునైన మూల వదిలితే బండి బరువుకు చీలిక అక్కడే మొదలవుతుంది. గొట్టం దగ్గర చాలామంది గుండ్రటి రంధ్రం చేసి, అంచు దాకా ఒక చీలిక పెట్టి తొడగాలని చూస్తారు. అది మెత్తటి పీవీసీకి కుదురుతుంది. గట్టి పలక నోరు తెరవదు. కాబట్టి గొట్టం కంటే 12 మి.మీ. వెడల్పుగా, గోడవైపు అంచు దాకా యు ఆకారంలో కోసెయ్యండి. పలక పైనుంచి నేరుగా దిగుతుంది. గొట్టం వెనక మిగిలిన ఖాళీలో మిగులు ముక్క ఒకటి కోసి పెట్టండి.

బిగించేటప్పుడు ఒక సంగతి. పిన్నులు పైనుంచి రింగుల్లోకి దిగుతాయి. రింగులు బయటికి ఉన్న గోడవైపు ముక్కను పెట్టి అరచేత్తో నొక్కితే చాలు. ఎదుటి గోడ దగ్గర నేలకు పిన్నులుంటాయి, అక్కడ చివరి పలక అంచు కాస్త ఎత్తి, ముక్క రింగుల్ని కిందికి దూర్చి, కాలితో తొక్కాలి. రబ్బరు సుత్తి ఉంటే మరీ మంచిది. కోసిన అంచున మిగిలే పీచును కట్టర్ బ్లేడు నిలువుగా పట్టి గీకేస్తే పోతుంది, కావాలంటే ఆకురాయి రెండుసార్లు ఆడించండి. మంట చూపించి నున్న చెయ్యాలన్న ఆలోచన వద్దు.

కళ్ళద్దాలు తప్పనిసరి. జిగ్‌సా తునకలు నేరుగా మొహం మీదికి లేస్తాయి. ఆ పొట్టు చేతులకూ బట్టలకూ అంటుకుని చీపురుకు లొంగదు. తడిగుడ్డతో గానీ వాక్యూమ్‌తో గానీ ఎత్తండి, నీళ్ళు కొట్టి కాలవలోకి తోసెయ్యకండి.

పాడైన నాలుగింటిలో ఒకటి కొలబద్ద అయ్యింది. గ్రైండర్ దెబ్బ తిన్న రెండో దాని మీద జిగ్‌సా వేగం సరిచూసుకోండి, పొట్టు పొడిగా రాలేదాకా. మూడో దాని మీద యు కోత ఒకసారి చేసి చూడండి. మూల పగిలినదాన్ని స్తంభానికి ఉంచండి. అక్కడ ఎలాగూ ఒక మూల తీసెయ్యాలి. పగిలిన మూల అటే వచ్చేలా, రింగులూ పిన్నులూ కుదిరేలా, తిప్పి చూసుకోండి.